అంగారక యంత్రానికి కాళ్ళు ఎక్కడివి?

వైజ్ఞానిక ప్రదర్శనలలో భావికాలపు అంతరిక్ష నౌక అంటూ బాలబాలికలు గీసి తెచ్చే చిత్రాలను వరుసగా పరికించేవారికి, పది దాటకముందే, చూచినదాన్నే మళ్ళీ చూస్తున్నామనే శంక కలుగుతుంది. సూదిమొన, వెనుక మంట, ప్రక్కల రెక్కలు, గుండ్రని కిటికీలు. గాలి లేని చోట రెక్కలతో పనియేమని అడిగేవారు అరుదు. రంగులు నేర్పుగా అద్దినదానికి బహుమతి వెళుతుంది. పిల్లలలో ఊహాశక్తి ఎండిపోయినదని పెద్దలు వాపోవడం కద్దు గాని, ఈ నేరం పిల్లలమీద మోపడం న్యాయం కాదు. వారికి చూపినవి బొమ్మలే. బొమ్మను చూచినవాడు బొమ్మనే గీస్తాడు. పైగా నేడు కంప్యూటరుకు ఒక మాట చెబితే చాలు, క్షణంలో నౌక ప్రత్యక్షమవుతుంది. లోగడ ఎవరెవరో గీసిన అసంఖ్యాక నౌకల ఛాయే అది.

లేని వస్తువుకు రూపం ఎట్లా వస్తుంది? ఈ విషయంలో హెచ్. జి. వెల్సు 1898లో గ్రంథరూపాన వెలువరించిన అంగారకుల దండయాత్ర కథకంటె మంచి పాఠం దొరకడం కష్టం. వెల్సు స్వయంగా ఉపాధ్యాయుడు. బట్టల దుకాణంలో శిష్యరికం చేసి విసిగి, 1884లో లండను చేరి హక్స్‌లీ మహాశయుని వద్ద జీవశాస్త్రం అభ్యసించి, బడిపంతులుగా పొట్ట పోసుకుని, 1893లో ఆ శాస్త్రానికే పాఠ్యగ్రంథం రచించినవాడు. 1895లో వోకింగు పట్టణంలో కాపురం పెట్టినప్పుడు సైకిలు త్రొక్కడం నేర్చి, చుట్టుప్రక్కల తిరుగుతూ అంగారకులు ఏ ఊరిని నాశనం చేయవలెనో గుర్తించుకునేవాడు. అసలు బీజం అన్నగారైన ఫ్రాంకు మాటలలో దొరికినది. టాస్మేనియా ఆదివాసులమీద ఐరోపావారు విరుచుకుపడిన తీరు ప్రసంగవశాత్తు రాగా, ఆకాశంనుండి మరెవరో దిగి ఇంగ్లండుపై అట్లాగే పడితే ఏమగును అనే ఊహ పుట్టినది. చరిత్ర పాఠంలోనుండి వైజ్ఞానిక కల్పన మొలిచినదన్నమాట.

ఇక యంత్రం మాట. అంగారక గ్రహం మీది ఆకర్షణ భూమ్యాకర్షణలో మూడవ వంతుకు కొంచెం పైన. కనుక అక్కడి ప్రాణి ఇక్కడ దిగగానే తన బరువు దాదాపు మూడింతలై నేలమీద ఈడ్చుకొనవలసి వస్తుంది. అది శరీరమంతా మెదడైన జీవి. కొరడాలవంటి పదహారు స్పర్శతంతువులు తప్ప వేరే అవయవాలు లేవు. అట్టి జీవికి కదలడానికి వాహనం కావలె. ఆ లోకంలో చక్రం పుట్టలేదని వెల్సు భావించినాడు. చక్రం లేనప్పుడు కాళ్ళే గతి. ఆ కాళ్ళు కూడా ఇరుసులమీద తిరిగే ఇనుప కడ్డీలు కావు. సాగే తొడుగులో పేర్చిన బిళ్ళలు విద్యుత్తు పారగానే ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకుని కండరంలాగా ముడుచుకుంటవి. మూడు కాళ్ళ ఆ రాక్షసాకారం ఒక్క ఊపులో మెరిసి వచ్చినది కాదు; బరువు, శరీరం, చక్రం లేమి ఒకదాని వెంట ఒకటి పేర్చుకుంటూ వచ్చిన తర్కానికి చివరి మెట్టు అది.

ఈ తర్కం తెలియని చిత్రకారుని చేతిలో ఏమైనదో కూడా చూడదగినదే. 1897లో కథ పత్రికలో ధారావాహికంగా వచ్చినప్పుడు వార్విక్ గోబుల్ బొమ్మలు వేసినాడు. అందులోని యంత్రాలు బిగుసుకుపోయిన ముక్కాలిపీటలు. వెల్సు కోపం ఎంతటిదంటే, పుస్తకం అచ్చువేసేటప్పుడు కథలోనే ఒక వాక్యసముదాయం చేర్చి, అట్టి బొమ్మను తొందరపాటు పనియని ఎత్తిపొడిచినాడు! తర్వాత బ్రెజిలు దేశీయుడు అల్విం కొరేయా తన చిత్రాలు పట్టుకుని లండనుకు వెళ్ళి రచయితకు చూపినాడు. అవి మెప్పు పొంది 1906లో బ్రసెల్సు ముద్రణలో చేరినవి. ఆ కాళ్ళు వంగుతవి, తూగుతవి, ఇళ్ళ కప్పులమీదినుండి తొంగిచూస్తవి. 1953లో చలనచిత్రం తీసినవారికి కాళ్ళు నడిపించడం గడ్డుసమస్యయై, మాంటా అనే రెక్కల చేప ఆకారాన్ని ఆశ్రయించినారు. ఇది వెల్సు దారి కాదు. అయినా నకలు మాత్రం కాదు, ప్రకృతినుండి తెచ్చుకున్నదే.

చూపరుల అలవాటు ఒక్కొక్కప్పుడు శాస్త్రాన్ని కూడా లొంగదీస్తుంది. 1968లో వచ్చిన "2001" చిత్రంలో డిస్కవరీ నౌకకు ఉష్ణాన్ని వెళ్ళగొట్టే పెద్ద పలకలు మొదట అనుకొన్నారు. ప్రేక్షకులు వాటిని రెక్కలనుకుంటారని తీసివేసినారు.

తెలుగునాట 1991లో వచ్చిన "ఆదిత్య 369" కూడా వెల్సు కాలయంత్రానికి ఋణపడినదే. కాని ఆ యంత్రం వెళ్ళి దిగినది శ్రీకృష్ణదేవరాయల కొలువులో. అరువు తెచ్చినదానికి సొంత నేల దొరికినప్పుడు అరువు కనిపించదు.

పాఠశాలలో దీనికి ఖర్చేమీ లేదు. శనిగ్రహానికి ఉపగ్రహమైన టైటను మీద 2005 జనవరి 14న హైగెన్సు నౌక దిగి గుండ్రని రాళ్ళ ఛాయాచిత్రం పంపినది. ఆ రాళ్ళు నీటి మంచువని శాస్త్రజ్ఞుల నిర్ణయం. చలి సున్నకు దిగువన సుమారు 180 డిగ్రీలు. అక్కడి సరస్సులలో నీరు లేదు, ద్రవ మీథేను, ఈథేను ఉన్నవి. ద్రవ మీథేను సాంద్రత నీటి సాంద్రతలో సగం కూడా లేదు. ఆ సరస్సుకు ఒక పడవ గీయమని ఎనిమిదవ తరగతి విద్యార్థికి చెప్పవచ్చు. ఇక్కడ తేలే టేకు ముక్క మీథేనులో మునుగుతుంది. మంచుగడ్డ సైతం అడుగుకు పోతుంది. ఆకర్షణ భూమిమీది దానిలో ఏడవ వంతు. అయినంత మాత్రాన పడవ ఎక్కువ తేలునా? అదే పడవ గోదావరిలోకంటె ఎంత లోతు దిగును? అంచు ఎంత ఎత్తు కట్టవలె? ఆ చలిలో ఏ చెక్క, ఏ రబ్బరు పగలకుండ నిలుచును? తెరచాప ఎత్తితే, భూమిమీది గాలికంటె నాలుగింతలు సాంద్రమైన ఆ గాలి దానిని ఎట్లా త్రోయును? ఆర్కిమిడీసు సూత్రం నల్లబల్లమీద ఉండగానే పెన్సిలు చేతికి ఇవ్వవచ్చు.