వినువారు లేని పఠనము

ఏటేట జనవరి మొదటి దినమున మన క్రైస్తవ గృహములలో ఒక సంకల్పము జరుగుచున్నది. ఈ సంవత్సరము బైబిలు గ్రంథమును మొదటినుండి తుదివరకు చదివి ముగింపవలెనని తల్లిదండ్రులును పిల్లలును నిశ్చయించుకొందురు. గోడమీద పట్టిక వ్రేలాడును. కొందరి చేతిఫోనులలో దినదినమునకు ఒక గుర్తు పడుచుండును. లెక్కయు కష్టమైనది కాదు. పుస్తకములు 66, అధ్యాయములు 1189. పనిదినములలో మూడేసి అధ్యాయములును, ఆదివారమున ఐదేసియు చదివినచో ఏడాదిలో గ్రంథము ముగిసి రెండు మూడు దినములు మిగులును గూడ.

అయినను ఈ ప్రయాణము సామాన్యముగా ఎచ్చట ఆగునో మేము చూచుచునే యున్నాము. ఆదికాండపు కథలు సుఖముగా సాగును. నిర్గమకాండమున ఎఱ్ఱసముద్రము దాటువరకు ఉత్సాహము తగ్గదు. గుడారపు కొలతలు వచ్చునప్పటికి అడుగు తడబడును. జనవరి మాసాంతమునకు లేవీయకాండము ఎదురగును. ఫిబ్రవరి రెండవ వారమునకు పట్టిక గోడమీదనే యుండును, గ్రంథము బల్లమీదనే యుండును, చదువు మాత్రము ఉండదు. ఆగక సాగించువారును గలరు. వారిలో అనేకులను నిన్న చదివినదేమని యడిగిన, అధ్యాయపు సంఖ్య చెప్పుదురే గాని అందలి సంగతి చెప్పలేరు. ఆగినవారికంటె వీరి స్థితి మెరుగని మేము నిశ్చయముగా చెప్పజాలము.

ఇట్టి వార్షిక పట్టికలలో మిక్కిలి ప్రసిద్ధమైనదానిని స్కాట్లండు దేశమున డండీ పట్టణపు బోధకుడు రాబర్ట్ మెక్షేన్ గారు 1842లో తమ సంఘస్థుల కొరకు రచించిరి. పాత నిబంధన ఒక పర్యాయము, క్రొత్త నిబంధనయు కీర్తనలును రెండు పర్యాయములు ఏడాదిలో ముగియునట్లు వారు దానిని కూర్చిరి. మరుసటి యేడే, ముప్పది యేండ్లు నిండకమునుపే, వారు మరణించిరి. మాకు ఆశ్చర్యము కలిగించునది యేమనగా, ఆ పట్టికను చేతికిచ్చుచు వారు దాని లాభములకంటె ముందుగా దాని అపాయములను చెప్పిరి. చదువు వట్టి ఆచారమగునేమో, చదివితినను తృప్తియే భక్తియని భ్రమ కలుగునేమో, తొందరలో శ్రద్ధ పోవునేమో, కొందరికి మోయలేని కాడి యగునేమో యని వారు ముందే హెచ్చరించిరి. పట్టిక నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. హెచ్చరికను మాత్రము చదువువారు తక్కువ.

మా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదము. మన యిండ్లలోని పఠనము నిస్సారమగుటకు ముఖ్య కారణము, దానిని వినువారు లేకపోవుటయే. ఒక్కొక్కరు ఒక్కొక్క మూలను కూర్చుండి పెదవి కదలకుండ కన్నులతో చదువుచున్నారు. తప్పు చదివిన దిద్దువారు లేరు, అర్థము కానిచోట అడుగువారు లేరు.

గ్రంథములోని చదువరులు ఇట్లు చదువలేదు. నెహెమ్యా గ్రంథపు ఎనిమిదవ అధ్యాయమున ఎజ్రా నీటి గుమ్మము నెదుట కఱ్ఱపీఠముపై నిలిచి ధర్మశాస్త్రమును చదువగా, స్త్రీలును పురుషులును నిలువబడి వినిరి. లేవీయులు దాని భావమును జనులకు తెలియజెప్పిరి. అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడైన రాణివాసపు ఉద్యోగి రథమున యెషయా గ్రంథమును చదువుకొనుచుండగా ఫిలిప్పు దానిని విని దగ్గరకు పోయెను. విని యనుమాటను గమనింపుడు. ఒంటరిగా నున్నను అతడు పైకే చదువుచుండెను. మౌనముగా చదివియుండినచో ఫిలిప్పు ప్రశ్నయే పుట్టియుండదు.

అంత దూరము పోనక్కరలేదు. మన మొఘల్‌పురా వీధులలో రంజాను రాత్రులయందు జరుగునది మన విద్యార్థు లెల్లరు ఎఱిగినదే. ముప్పది భాగములుగానున్న ఖురానును తరావీ నమాజులలో ఆ మాసము ముగియులోపల పూర్తిగా వినిపించుట అనేక మసీదులలో పరిపాటి. ఇమాము చదువుచుండగా వెనుక వరుసలో, గ్రంథమంతయు కంఠస్థమైన మరియొక హాఫిజు నిలిచి వినుచుండును. ఒక్క మాట జారినను అందించును. హిందువుల యిండ్లలోని రామాయణ భాగవత పారాయణములందును చదువువాడు ఒకడు, వినువారు పలువురు. మన పొరుగువారికి తెలిసిన యీ సంగతి మనకేల మఱపు వచ్చెను?

ఇచ్చట ఒక మాట. మేము చెప్పునది ఇంటి పఠనమును గూర్చి గాని తరగతిని గూర్చి గాదు. మన పాఠశాలలో వివిధ మతముల పిల్లలు కలిసి చదువుచున్నారు. సమ్మతి లేనిదే ఎవరిని మత బోధనకు నిర్బంధింపరాదని రాజ్యాంగపు 28వ అధికరణము చెప్పుచున్నది. అది న్యాయమేయని మా నమ్మకము.

ఇక మన యిండ్లలో వినదగినవారెవరు? మొట్టమొదట నాయనమ్మలు, అమ్మమ్మలు. పల్లెలనుండి నగరమునకు వచ్చిన క్రైస్తవ కుటుంబములలో చదువు రాని వృద్ధ స్త్రీలు ఇప్పటికిని గలరు. వారికి వాక్యము చెవిద్వారానే వచ్చినది. 1912లో డోర్నకల్ బిషప్పయిన వి.ఎస్. అజరయ్య గారి కాలమున తెలంగాణ పల్లెల సంఘములలో అక్షరము వచ్చినవారు కొందరే. వినుటచేతను, కంఠపాఠముచేతను, పాటలచేతను జనులు కథలను నేర్చిరి. ఆ సంప్రదాయపు మనుమరాండ్రు నేడు మన నాయనమ్మలు. వారి మనుమలేమో వీధిలో ఉర్దూ, తరగతిలో ఆంగ్లము మాటలాడుచు, తెలుగు బైబిలు విప్పగనే ఒత్తులయొద్దను దీర్ఘముల యొద్దను తొట్రిల్లుచున్నారు. ఆంగ్ల గ్రంథమును తమలో తాము చదువుకొనుట సులభమని కొందరు తల్లిదండ్రులు సమాధానపడుచున్నారు. దానిచేత పిల్లవానికి అధ్యాయము ముగియును, ముసలమ్మకు చెవి మూతపడును.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి పాఠములలో, బిడ్డ పైకి చదువునప్పుడే వానికేది తెలియునో, ఏది తెలియదో బయటపడునన్నది యొకటి. రూతు గ్రంథమును తీసికొనుడు. నాలుగే అధ్యాయములు, నాలుగు సాయంకాలములు చాలును. రెండవ అధ్యాయమున రూతు పరిగె ఏరుటకు పోవును. పాతబస్తీలో పెరిగిన బాలునికి పరిగె యననేమో తెలియదు, ఆ మాట దాటి ముందుకు పోవును. అడుగువారు లేనిచో ఆ యజ్ఞానము అట్లే యుండును. నాయనమ్మ వినుచున్నచో అచ్చట ఆపును. కోత కోసిన చేనిలో రాలిన వెన్నులను బీదవారు ఏరుకొనుట పరిగెయని ఆమె చెప్పగలదు. తన తల్లితోగూడ చేలవెంట తిరిగి ఏరిన స్త్రీయైన, ఎండలో వంగి వంగి నడుము నొచ్చుటయు, ఆసామి కసరినచో ఖాళీ కొంగుతో తిరిగివచ్చుటయు చెప్పగలదు. అప్పుడు బోయజు దయ ఎంతటిదో బాలునికి తెలియును. కళ్లము, చేట, తూర్పారబట్టుట, కాడి, తిరుగలి, వీనినన్నిటిని ఆమె చేతులెఱుగును. 1818లో మద్రాసున అచ్చుపడిన క్రొత్త నిబంధన మొదలు, 1854 నాటికి తెలుగున వెలువడిన సంపూర్ణ గ్రంథమువరకు శ్రమించినవారును, పిమ్మట దిద్దినవారును, పల్లె పొలములోని మాటలను పుస్తకమునకు తెచ్చిరి. గ్రాంథికమని మన బాలురు భయపడు ఆ పుస్తకములో సగము మాటలు నాయనమ్మ మాటలే. తక్కినవానికి, నేడు దొరకుచున్న సులభ భాషానువాదము నొకదానిని ప్రక్కనుంచుకొనవచ్చును.

ఆ పరిగె కథ అంతటితో ముగియదు. చేని యజమాని ఏల ఏరనిచ్చెనని బాలుడడిగిన, పంట కోయునప్పుడు రాలినదానిని బీదలకును పరదేశులకును విడువవలెనన్న ఆజ్ఞను వెదకవలసి వచ్చును. అది లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయమున నున్నది. ఫిబ్రవరిలో మనలను నిలిపివేసిన పుస్తకమే అది. ఈ త్రోవను వచ్చినవానికి దానిలో విసుగు కనబడదు.

లెక్క కావలెనన్నవారికి లెక్కయు గలదు. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయములు. వారమునకు ఐదు దినములు, దినమున కొక్కటి చొప్పున సరిగా ఏబది రెండు వారములు. శనివారము రూతు, యోనా వంటి చిన్న పుస్తకములకును, కీర్తనలకును ఉంచుకొని, ఆదివారమున ఆ వారపు ప్రశ్నలను మరల తీసికొనవచ్చును. పాత నిబంధన 929 అధ్యాయములను వారమునకు ఆరు చొప్పున చదివిన మూడేండ్లు పట్టును. ఎనిమిదవ తరగతిలో మొదలుపెట్టినవాడు పదవ తరగతి ముగియునప్పటికి ముగించును. అధ్యాయపు గీటుకు మాత్రము దాసులు కాకుడు. వచనముల సంఖ్యలు క్రొత్త నిబంధనకు 1551లో రాబర్ట్ ఎస్తియేను అను ముద్రాపకుడు ఏర్పరచినవి; పౌలు వానిని వ్రాయలేదు. ఫిలేమోనుకు వ్రాసిన జాబును జాబువలెనే ఒక్క కూర్చుండిలో చదువవలెను. నడుమ ఆపి రేపు చదువుట, ఉత్తరమును సగము విప్పి పెట్టెలో పెట్టుట వంటిది.

సమయము లేదు, పరీక్షలు, ట్యూషనులు అని తల్లిదండ్రులు చెప్పుదురని మే మెఱుగుదుము. సాధారణమైన అధ్యాయమును నిదానముగా పైకి చదువుటకు పది నిమిషములు చాలును. (నూట పందొమ్మిదవ కీర్తన 176 వచనములు, దానికి వేరే యేర్పాటు చేసికొనవలెను.) నాయనమ్మ లేని యింట, వంటయింటిలో పనిచేయుచున్న తల్లియైన వినవచ్చును, దుకాణమునుండి వచ్చిన తండ్రియైన వినవచ్చును. ఎవరును లేనిచో తమ్ముని కూర్చుండబెట్టుకొనుడు. వాని ప్రశ్నలు అందరికంటె కఠినముగా నుండును.

విద్యార్థులారా, జూన్ మాసమున బడి తెఱచునప్పుడు నలువది పుటల నోటుపుస్తక మొకటి ఇందుకు వేరుగా ఉంచుకొనుడు. ఎన్ని అధ్యాయములు చదివితిరో అందులో వ్రాయవలదు. ఇంటిలో మీరు చదువగా పెద్దలు ఆపి చెప్పిన మాట ఒకటియు, వారు చెప్పిన అర్థమును, చెప్పినవారి పేరును వ్రాయుడు. పరిగెను గూర్చి మొదటి పుటలో ఎవరు తెచ్చెదరో చూతము. ఆ పుస్తకములను సంక్రాంతి సెలవులకు ముందు మాకు చూపినచో, మాటలనన్నిటిని ఒకచోట చేర్చి, చెప్పిన నాయనమ్మల పేర్లతో వచ్చు సంవత్సరపు సంచికలో అచ్చు వేయింతుము.