ఆయనకైతే పౌరుషం... ఆమెకైతే అలకా?

మొన్నామధ్య జమ్మలమడుగులో బంధువుల పెళ్ళికి వెళ్ళాను. బంతిలో పెళ్ళికొడుకు పెదనాయనకు ముందుగా వడ్డించలేదట. ఆయన ఆకు ముందు నుంచి లేచాడు. ఆయన వెనకాల పదిమంది లేచారు. ఇంక చూడండి! పెళ్ళికూతురి తండ్రి, మేనమామ, ఊరి పెద్దలు అందరూ చుట్టూ చేరి బతిమలాడారు. "ఆయప్ప రోషం గల మనిషి. మర్యాద తప్పితే ఊరుకుంటాడా?" అని పక్కనున్నవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

అదే రాత్రి పెళ్ళికూతురి చెల్లెల్ని చూసి ఒకాయన, "ఈ పిల్లను కడప బండల్లో కలిపేస్తే కనుక్కోలేం" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది. "రోంత తమాషాకే ఇట్లయితే ఎట్ల? ఉత్త ఉడుకుమోతు!" అన్నారు అవే నోళ్ళతో.

ఆ రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. ఇద్దరికీ తగిలింది మాటే, మర్యాదే. మరి పేర్లెందుకు మారాయి?

మగవాడు నొచ్చుకుంటే రోషం, పౌరుషం, పట్టుదల, మాటపడని మనిషి. ఆడది నొచ్చుకుంటే అలక, మూతి ముడుపు, రాగాలు, ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి. ఇప్పటి పిల్లల భాషలో అయితే 'సెన్సిటివ్', 'ఓవరాక్షన్'. పౌరుషమనే మాటే 'పురుష' నుంచి పుట్టింది. ఆడవాళ్ళ నొప్పికి అందులో చోటెక్కడ?

మనమేనా అంటే కాదు. పాశ్చాత్య వైద్యులు ఆడవాళ్ళ ఆవేదనకు 'హిస్టీరియా' అని పేరు పెట్టారు. గర్భసంచికి గ్రీకు భాషలో ఉన్న మాటలోంచి తీసిందది. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పట్టికలోంచి ఆ పేరు పోయింది 1980లో! ఈ మధ్య పాశ్చాత్య దేశాల్లో ఊరికే నొచ్చుకునే కుర్రకారును 'స్నోఫ్లేక్' అని వెక్కిరిస్తున్నారు. మంచు రేకులా ఇట్టే కరిగిపోతారని. 2016లో కాలిన్స్ నిఘంటువు వాళ్ళు ఆ ఏటి మాటల్లో దాన్నీ చేర్చారు.

మన దగ్గర ఇంకో విచిత్రం ఉంది. పెళ్ళిలో అలకపాన్పు ఎవరిది? అల్లుడిది! ఆయన అలగడానికి మంచం వేసి, ఆ అలక తీర్చడానికి వాచీయో, బండో ఇచ్చుకుంటాం. మగవాడి అలక వేడుక. కోడలు అలిగితే మాత్రం "పుట్టింటివాళ్ళు సరిగ్గా పెంచలేదు" అంటాం.

ఇక మన సీమలో పౌరుషానికి కట్టిన ఖరీదు మీకు నేను చెప్పాలా? జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఒక్క మాట పట్టింపు తరాల పగ అయిన రోజులు మన పెద్దలు చూశారు. పసుపు కుంకుమలు పోగొట్టుకున్నది ఆడవాళ్ళు. అయినా ఆ మగవాళ్ళను ఎవరైనా "అతి సున్నితం" అన్నారా?

కోర్టుల్లో కూడా ఈ మాటల తూకం ఉంది. 1988లో చండీగఢ్‌లో ఒక విందులో పంజాబ్ పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్ తనతో అసభ్యంగా ప్రవర్తించాడని ఐఏఎస్ అధికారిణి రూపన్ దేవల్ బజాజ్ ఫిర్యాదు చేశారు. ఇది ఫిర్యాదు చేయదగినంత హాని కాదని హైకోర్టు 1989లో కేసు కొట్టేసింది. 1995లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. 1996లో నేరం రుజువైంది, 2005లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. "ఇంత చిన్నదానికా?" అన్న ప్రశ్నకు జవాబు రావడానికి అంత పెద్ద అధికారిణికే పదిహేడేళ్ళు పట్టింది!

ఇంతా చెప్పే నేను ఏం చేశానో కూడా చెప్పాలి. మాది ప్రొద్దుటూరు. మా పాప పులివెందులలో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తుంది. పైఅధికారి రోజూ తన చీరల మీద, నడక మీద మాటలంటున్నాడని ఒకరోజు చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "అంత మెత్తగ ఉంటే ఉద్యోగమెట్ల చేస్తావు పాపా? అత్తిపత్తి మాదిరి ముడుచుకుంటే ఎట్ల?" అన్నాను. అది ఇంకేం మాట్లాడలేదు. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. మాటలు చేతల దాకా వచ్చాయని నెలల తర్వాత దాని స్నేహితురాలి ద్వారా తెలిసింది. అడిగితే, "నీకు చెప్తే మళ్ళా నన్నే అంటావులేమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ గుండెలో ముల్లే.

అప్పుడు తెలుసుకున్నాను. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు పైగా పనిచేసే చోట యజమాని కమిటీ వేయాలి. అంతకంటే తక్కువమంది ఉంటే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి రాసివ్వొచ్చు. చివరిసారి జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు. మేం వెళ్ళింది నాలుగో నెలలో. ఆలస్యానికి కారణం రాయమంటే మా పాప కలం పట్టుకొని నా వైపు చూసింది. "మా అమ్మే వద్దంది అని రాయి" అన్నాను.

నిజంగా ఊరికే నొచ్చుకునేవాళ్ళు ఉండరా? ఉంటారు. బొట్టు పెట్టి పిలవలేదని మా వదినతో రెండేళ్ళు మాట్లాడనిదాన్ని నేనే! కానీ పొరపాటున జారిన మాట వేరు, వద్దన్నా రోజూ అనే మాట వేరు. ఎదురు చెప్పగలిగిన వాళ్ళను అనడం వేరు, చెప్పలేని వాళ్ళను అనడం వేరు. ఈ తేడా చూడకుండా 'అత్తిపత్తి' అనేస్తే, మనం ఆ మనిషి నోరు మూసినట్టే.

ఈసారి మీ ఇంట్లో ఆడపిల్ల ముఖం ముడుచుకుంటే పేరు పెట్టకండి. పక్కన కూర్చోబెట్టుకొని, "ఏమైంది తల్లీ?" అని అడగండి. చెప్పేదాకా ఆగండి.