ఏసీకి తెర కట్టండి, ఊపిరి మాత్రం ఆపకండి

సూరత్ నుంచి డుమస్ సముద్రతీరానికి వెళ్లే రోడ్డు వెంట బహుళ అంతస్తుల భవనాలు వరుసగా లేచాయి. వాటి గోడలకు ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు వేలాడుతుంటాయి. చూడ్డానికి బాగోదు, నిజమే. అందుకే వాటికి తెర కట్టించాలన్న కోరిక. మగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలంగాణ పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్న ఊరు కాబట్టి సూరత్ మనకు పరాయిది కాదు. ఇదే కోరిక విజయవాడలోనూ ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. తెర వద్దని నేననను. కట్టే పద్ధతి మీదే నా అభ్యంతరం.

ఆ పెట్టె చేసే పనేమిటో ముందు చూద్దాం. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి సామర్థ్యంతో నడిచేటప్పుడు గదిలోంచి దాదాపు 5.2 కిలోవాట్ల వేడిని లాగుతుంది. కంప్రెసర్ వాడే మరో ఒకటిన్నర కిలోవాట్లు కూడా చివరికి వేడిగానే మారతాయి. ఈ మొత్తాన్నీ, అంటే ఇంచుమించు 6.7 కిలోవాట్లను, బయటి ఫ్యాన్ గాలిలోకి నెట్టాలి. సాధారణంగా వెనుక నుంచీ పక్క నుంచీ గాలిని పీల్చి ముందు నుంచి వదులుతుంది. వదిలే గాలి, పీల్చిన గాలికన్నా పది డిగ్రీల దాకా వేడిగా ఉంటుంది.

ఇరుకు తెర తగిలి ఆ వేడిగాలి వెనక్కి తిరిగితే? పీల్చే గాలిలో ఐదో వంతు తను వదిలిందే అయితే, బయట 35 డిగ్రీలున్నా యంత్రానికి 37.5 డిగ్రీల గాలి అందుతుంది. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ కరెంటు ఖర్చు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. పైగా గదిని చల్లబరిచే శక్తీ తగ్గుతుంది. సరిగ్గా మే నెల మధ్యాహ్నం, మనకు చల్లదనం అత్యవసరమైన వేళ ఇది జరుగుతుంది.

తెర నీడనిస్తుంది కదా, కరెంటు ఆదా కాదా అని కొందరి వాదన. లెక్క వేస్తే తేలిపోతుంది. ఎండ తగిలే లేత రంగు రేకు అర చదరపు మీటరు అనుకుంటే, అది పీల్చుకునే వేడి 150 నుంచి 200 వాట్లు. యంత్రం బయటికి నెడుతున్న 6,700 వాట్ల ముందు అదెంత? నీడ కోసం గాలిని అడ్డుకోవడం నష్టపు బేరమే. అహ్మదాబాద్ సిదీ సయ్యద్ మసీదు రాతి జాలీని ఆదర్శంగా చూపేవారూ ఉన్నారు. అది మెల్లగా వీచే గాలికి సరిపోతుంది. ఫ్యాన్ వేగంగా నెట్టే గాలి ముందు చిన్న రంధ్రాల రేకు పెడితే అది గోడతో సమానం.

మరి మార్గం లేదా? ఉంది, అదీ తేలికైనదే. పట్టీలను కిందికి వంచకుండా, అలమర అరల్లాగా నేలకు సమాంతరంగా బిగించాలి. ఐదు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు, మధ్య ఐదు సెంటీమీటర్ల సందు. గాలికి పట్టీ అంచు మాత్రమే తగులుతుంది కాబట్టి తిన్నగా బయటికి పోతుంది. రోడ్డు మీద పది మీటర్ల దూరంలో నిలబడి నాలుగో అంతస్తును చూసేవారి చూపు 45 డిగ్రీలకన్నా ఏటవాలుగా పైకి వెళ్తుంది. వారికి పట్టీల అడుగు భాగాలే కనిపిస్తాయి, పెట్టె కనిపించదు. కింది అంతస్తులకు ఈ కిటుకు పనిచేయదు. అక్కడ కాస్త దూరంగా మొక్కలు పెంచుకోవడమే మేలు. ఏ అంతస్తయినా వెనుకా పక్కలా వదిలిన ఖాళీని మాత్రం ముట్టుకోవద్దు.

డుమస్ లాంటి తీరంలో తెర ఊడదీయడానికి వీలుగా ఉండి తీరాలి. ఉప్పుగాలి తేమలో రాగి గొట్టం, అల్యూమినియం రేకులు ఒకదానికొకటి తగులుతూ చిన్న బ్యాటరీలా మారతాయి. ఆ చర్యలో అల్యూమినియం తినేసుకుపోతుంది. కాబట్టి పేరుకున్న ఉప్పును అప్పుడప్పుడు మంచినీటితో కడగాలి. తెర చట్రం అల్యూమినియందైతే, స్టీలు బోల్టులకు నైలాన్ వాషర్లు వేయడం మరవద్దు.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మెకానిక్ ప్రాణం. శాశ్వతంగా బిగించిన తెర వెనక్కి చేరడానికి అతను కిటికీలోంచి ఒళ్లంతా బయటికి వంచాల్సి వస్తుంది. ఇంటి లోపలి వైపు నుంచే చేత్తో విప్పగల రెక్కల నట్లు పెట్టించండి. విప్పేటప్పుడు జారినా, వానాకాలపు ఈదురుగాలికి ఊడినా కిందివాళ్ల మీద పడకుండా చట్రాన్ని ఉక్కుతీగతో గోడకు కట్టించండి. అలా నిలబడి పనిచేసే చోటు ఇవ్వకుండా ప్లాన్ గీసే బిల్డర్లదే ఇందులో మొదటి తప్పు.

తెర బిగించాక ఒక పరీక్ష చేయండి. మామూలు డిజిటల్ థర్మామీటర్ సెన్సార్‌ను, ఇంటి లోపలి నుంచే చేయి అందితేనే, యూనిట్ వెనుక గాలి పీల్చే చోట వేలాడదీసి, ఏసీని అరగంట నడిపి ఎంతుందో రాసుకోండి. తెర తీసి మరో అరగంట చూడండి. తేడా రెండు డిగ్రీలు దాటితే, పట్టీల్లో ఒకటి విడిచి ఒకటి తీయించేయండి.