కమాన్ కట్టకు అదనపు పట్టీ వేయించే ముందు

సార్వా కోతలు దగ్గర పడితే తెనాలి, రేపల్లె, బాపట్లల్లో కమాన్లు కట్టే షెడ్ల ముందు పికప్ బండ్లు వరస కడతాయి. వచ్చిన ప్రతి రైతూ ఒకటే మాట చెబుతాడు: "వెనక కట్టకి రెండు పట్టీలు ఎక్కువ వెయ్యి, ధాన్యం తోలాలి." మేస్త్రి వేస్తాడు. బరువెక్కినా బండి కుంగదు, మనకు సంతోషం. కోతలైపోతాయి. ఆ పట్టీలు మాత్రం అలాగే ఉండిపోతాయి. అదే బండి ఖాళీగా ఊరి డొంకలో ఎగిరెగిరి పడుతుంది. నెల తిరిగేసరికి తోలేవాడు నడుము పట్టుకుంటాడు.

ఇది ఒకరిద్దరి ముచ్చట కాదు. మనం అందరం చేసిన పనే. అందుకే ఈ నెల ఎరువుల ధర, గిట్టుబాటు ధర పక్కన పెట్టి బండి కింద ఉన్న కమాన్ల గురించి రాస్తున్నాం. పైకి చిన్న విషయంలా కనబడుతుంది కానీ మన నడుము, మన సరుకు, మన కూలీల ప్రాణం మూడూ దాని మీదే ఉన్నాయి.

ముందు లెక్క చూద్దాం. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు అది మోయాల్సిన బరువు 750 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలైతే సరిగ్గా పది. 1.7 టన్నుల బొలేరో పికప్ అయితే 22 బస్తాలు. మనం ఎన్ని వేస్తున్నాం? ముప్పయ్యయిదు వేస్తే 2,625 కిలోలు. అంటే దాదాపు టన్ను ఎక్కువ. ఆ టన్ను కోసమే అదనపు పట్టీలు. బ్రేకులు, టైర్లు, యాక్సిల్, ఛాసిస్ మాత్రం పాతవే. కమాను మోసినంత మాత్రాన బ్రేకు ఆపలేదు. ఈ సంగతి మనకు తెలియక కాదు, కిరాయి ఒక ట్రిప్పు కలిసొస్తుందని కళ్ళు మూసుకుంటున్నాం.

కమాను పని బరువు మోయడం ఒక్కటే కాదు, వంగడం కూడా. గుంతలో చక్రం పడ్డప్పుడు కట్ట వంగితే దెబ్బ కొంత అక్కడే ఆగుతుంది. వంగకపోతే ఆ దెబ్బంతా తొట్టికీ, సీటుకీ, వెన్నుకీ చేరుతుంది. ఐదు పట్టీల కట్టకు అదే కొలత పట్టీ ఒకటి కలిపితే బిగువు సుమారు ఐదో వంతు పెరుగుతుంది. మందం పట్టీ వేస్తే ఇంకా ఎక్కువ. పట్టీ మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. ఇరవై రోజుల ధాన్యం తోలకం కోసం బిగించిన కట్ట మిగతా పదకొండు నెలలూ ఖాళీ బండిని ఎగరేస్తూనే ఉంటుంది.

మనకు ఇది కొత్త పాఠం కాదు. ఒకప్పుడు మన పట్టణాల్లో మనుషుల్ని తిప్పిన జట్కాకు కమాన్లు ఉండేవి. బస్తాలు తోలిన ఎద్దుల బండికి ఉండేవి కావు. మనిషెక్కే బండి వేరు, బరువెక్కే బండి వేరు అని అప్పటి వడ్రంగికీ తెలుసు. ఇప్పుడు రెండు పనులూ ఒకే పికప్‌తో చేయిస్తున్నాం. అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

కూర్చున్న మనిషి వెన్నుకు సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే పైకీ కిందకీ ఊపు అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుంది. రోజూ గంటల తరబడి ఆ కుదుపు తింటే నడుము పూసల మధ్య మెత్తటి భాగం దెబ్బతింటుంది. సరుకు సంగతీ అంతే. కొల్లూరు, కొల్లిపర లంకల్లో కోసిన అరటి గెల తోటలో నిగనిగలాడుతుంది. మార్కెట్టుకు చేరేసరికి ఒరుసుకున్న చోటల్లా నల్లబడుతుంది. తెనాలి మార్కెట్టుకు పోయే నిమ్మకాయా నలిగితే నిలవుండదు. ధర కోసేటప్పుడు వ్యాపారి చూపించే మచ్చల్లో కొన్ని మన బండి కమాన్లు పెట్టినవే.

మరి ఏం చేయాలి? డబ్బు ఖర్చు కాని పనితో మొదలుపెట్టాలి. తలుపు దగ్గర స్టిక్కర్ మీద టైరు గాలి ఎంతుండాలో రాసి ఉంటుంది. బరువుకు కొట్టించిన గాలితోనే ఖాళీగా తిరిగితే టైరు రాయిలా తంతుంది. అలాగని గాలి తగ్గించి బరువు వేస్తే టైరు వేడెక్కి పగులుతుంది. స్టిక్కర్‌లో ఖాళీకి, బరువుకి వేర్వేరు అంకెలుంటే రెండూ పాటించాలి.

తర్వాత కమాన్ కట్టను కడిగించాలి. మన నల్లరేగడి బురద పట్టీల మధ్య చేరి ఎండి, తుప్పు పడితే పట్టీలు ఒకదానిమీద ఒకటి జారవు. ఆరు పట్టీల కట్ట ఒకే ఇనప దిమ్మలా మారుతుంది. చాలా బండ్లకు పట్టీలు కొత్తవి అక్కర్లేదు. కట్ట విప్పి, శుభ్రం చేసి, అరిగిన బుష్‌లు, షాకిల్ పిన్నులు మార్చి, యూ బోల్టులు సరిగా బిగిస్తే సగం బాధ తగ్గుతుంది.

ఆపైన షాక్ అబ్జార్బర్లు. అవి బరువు మోయవు, ఊగులాటను ఆపుతాయి. బండి మూలను గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే బాగున్నట్టు, రెండు మూడు సార్లు ఊగితే పని అయిపోయినట్టు. ఒంటి మీద నూనె చెమ్మ కనబడితే ఇంక చూడాల్సిన పని లేదు. మార్చేటప్పుడు ఒక యాక్సిల్‌కు రెండు వైపులా కలిపి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

కట్టే మార్చాల్సి వస్తే మన మోడల్‌కు కంపెనీ చెప్పిన కొలత కట్టే వేయించాలి. బరువు పడ్డప్పుడు మాత్రమే తగిలే హెల్పర్ పట్టీ ఉన్న మోడళ్ళలో ఆ మధ్య ఖాళీని దిమ్మ పెట్టి పూడ్చొద్దు. ఆ ఖాళీ ఉండబట్టే ఖాళీ బండి మెత్తగా నడుస్తుంది. మధ్యలో మందంగా, కొసల్లో పల్చగా ఉండే పారాబోలిక్ పట్టీల్లో పట్టీల సంఖ్య తక్కువ, రాపిడి తక్కువ, కుదుపూ తక్కువ. అవి మన బండికి కంపెనీ తరఫున ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవాలి. కుదుపు తగ్గుతుందని ఉన్న పట్టీ తీసేయడమూ తప్పే. బరువెక్కిన రోజు మలుపులో బండి వాలిపోతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్ కింద అధిక బరువుకు 20 వేల రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు. కమాన్లు పెంచినంత మాత్రాన ఆ బరువు సక్రమం కాదు.

ఇక అన్నిటికన్నా బరువైన మాట. నాట్లకూ, కోతలకూ అదే బండి తొట్టిలో పదిహేను మంది ఆడకూలీలను నిలబెట్టి తీసుకెళ్తున్నాం. మనిషికి యాభై కిలోలు వేసుకున్నా అందరూ కలిసి 750 కిలోలు. అదనపు పట్టీలున్న కట్ట ఆ బరువుకు వంగనే వంగదు. వాళ్ళు నిలబడేది వెనక యాక్సిల్ మీద, కుదుపు ఎక్కువుండే చోటు. అక్కడ సీటు లేదు, పట్టుకోను కడ్డీ లేదు. పనికెళ్ళక ముందే ఒళ్ళు హూనమవుతుంది. బండి బోల్తా పడితే సరుకు బండిలో ప్రయాణికులుగా ఎక్కినవారి పరిహారానికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1994 సవరణ సరుకు యజమానికీ, ఆయన ప్రతినిధికీ రక్షణ ఇచ్చింది. పనికి పోయే కూలీ అందులోకి రాదు. అంటే పోయేది ఆమె ప్రాణం, ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరగాల్సింది ఆమె పిల్లలూ, బండి యజమానైన రైతూ.

కాబట్టి మెత్తటి కమాన్లు వేసి తొట్టిలో మనుషుల్ని ఎక్కించండి అని మేం చెప్పడం లేదు. తొట్టిలో మనుషుల్ని ఎక్కించడమే మానుకుందాం. సీట్లున్న బండి కిరాయిని కూలి ఖర్చులో భాగంగా రైతే భరించాలి, నలుగురు రైతులు కలిస్తే అది మోయలేనంత కాదు. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. నాట్ల, కోతల రోజుల్లో తెల్లవారుజామున ఊళ్ళ మీదుగా బస్సు నడపమని మూడు డిపోలకూ సంఘం తరఫున వినతిపత్రాలు ఇద్దాం.

రోడ్ల బాధ్యత ప్రభుత్వానిది. 216 జాతీయ రహదారి మీద సాఫీగా పోయిన బండి ఊరి డొంకలోకి దిగగానే గిలకలా ఆడుతుంది. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. కింద గట్టి పునాది, పక్కన నీరు పోయే కాలువ లేకుండా పైన తారు పూస్తే ఒక్క వానాకాలం నిలవదు. ప్రతి ఎండాకాలం గుంతలు పూడ్చి బిల్లు చేసుకోవడం కాదు, పునాదితో వేయమని పంచాయతీరాజ్, రోడ్లు భవనాల శాఖలను అడుగుతున్నాం. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. మన బండ్లను మన డొంకల్లోనే నడిపి చూసి, ఏ బరువుకు ఏ కట్ట, ఎంత గాలి అన్నది రైతుకు అర్థమయ్యే తెలుగులో ఒక కాగితం మీద ఇవ్వమని ఆ కాలేజీనీ కోరుతున్నాం.

అడగాల్సినవి అడుగుదాం. అవి వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. ఈసారి కమాన్ల షెడ్డుకు వెళ్ళినప్పుడు "రెండు పట్టీలు ఎక్కువ వెయ్యి" అనకుండా "కట్ట విప్పి కడిగి, బుష్‌లు చూడు" అందాం. ముప్పయ్యయిదు బస్తాలు రెండు ట్రిప్పులుగా తోలుదాం. ఆ రెండో ట్రిప్పు డీజిల్ ఖర్చు నడుముకు చేయించే స్కానింగ్ కంటే తక్కువే.