తెలుగులా కనబడితే తెలుగైపోదు

ఒక చిన్న పరీక్ష. మీ దగ్గర పాత తెలుగు పీడీఎఫ్ ఏదన్నా ఉంటే తెరవండి. సంఘం వాళ్ళ సావనీరు కావచ్చు, ప్రభుత్వ ఉత్తర్వు కావచ్చు, ఎవరో మెయిల్లో పంపిన కథల సంపుటి కావచ్చు. అందులో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చెయ్యండి. తెలుగు వచ్చిందా? మీరు అదృష్టవంతులు. ఎక్కువసార్లు వచ్చేది డాలరు గుర్తులూ, ప్రశ్నార్థకాలూ, నెత్తిన చుక్కలున్న యూరపు అక్షరాలూ కలిసిన కిచిడీ.

ఈ కిచిడీని మనం ఎంత మామూలుగా తీసుకుంటామంటే, "తెలుగు కదా, అలాగే వస్తుందిలే" అని మళ్ళీ టైపు చేసుకుంటాం. ఇంగ్లీషు పీడీఎఫ్ ఒక్కటి ఇలా వస్తే మాత్రం ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టి, పై మేనేజరుని కాపీలో పెట్టి గోల చేస్తాం :-)

అసలు జరిగేదేమిటో చెప్తాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి కొంత తెలిసిందే అయినా, పూర్తిగా చూస్తే గానీ ఇందులో ఎంత అన్యాయముందో తెలియదు.

కంప్యూటరుకి అక్షరమంటే ఒక అంకె. యూనికోడ్‌లో "అ" అంటే 3077, "క" అంటే 3093. తెలుగుకి కేటాయించిన గళ్ళు 3072 నుంచి 3199 వరకు. ఈ అంకెలు ఏ కంపెనీ సొత్తూ కాదు, ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. 3093 కనబడితే ప్రపంచంలో ఏ మూల ఉన్న కంప్యూటరైనా అది తెలుగు "క" అనే అనుకుంటుంది.

దీనికి ముందు మన డీటీపీ లోకం వేరే దారి పట్టింది. ఇంగ్లీషు అక్షరాల కోసం ఉన్న 256 గళ్ళనే తీసుకుని, వాటిలో ఇంగ్లీషు బొమ్మలు చెరిపేసి తెలుగు ముక్కలు పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో ఒక వత్తు, ఇంకో గడిలో "కి" మొత్తం. చూసేవాళ్ళకి తెరమీద శుభ్రమైన తెలుగు. ఫైలు లోపల మాత్రం ఒక్క తెలుగక్షరం కూడా ఉండదు. ఫాంటు తీసేస్తే వేషం తీసేసినట్టే, లోపలున్న డాలరు గుర్తులు బయటపడతాయి. పైగా ఏ గడిలో ఏ ముక్క పెట్టారన్నది కంపెనీకో తీరు. ఒక కంపెనీ ఫాంటులో రాసింది ఇంకో కంపెనీ ఫాంటులో పెడితే కిచిడీ మారుతుందంతే, తెలుగు రాదు.

(యూనికోడ్‌లోనే టైపు చేసినా, పీడీఎఫ్ సరిగా తయారుచెయ్యక కాపీలో పాడయ్యేవీ ఉన్నాయి. అది వేరే జబ్బు. దానికి మందుంది, ఎందుకంటే అసలు ఫైలులో అక్షరాలున్నాయి. నేను చెప్తున్నది అసలు ఫైలులోనే అక్షరం లేని సంగతి.)

"అప్పట్లో వేరే దారి లేదు కదా" అనేవాళ్ళున్నారు. సగం నిజం. 1991లోనే భారతీయ భాషలన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణాన్ని మన ప్రమాణాల సంస్థ ప్రకటించింది. అదే ఏడు వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనూ తెలుగుంది. కాగితం మీద దారి ఉంది. కానీ ఆ దారిన పోవాలంటే అంకెల్ని చూసి గుణింతాలూ వత్తులూ కూర్చే తెలివి ఆపరేటింగ్ సిస్టంకి ఉండాలి. విండోస్‌లో అది మామూలు జనానికి అందింది 2001లో, ఎక్స్‌పీ తోనూ దాంతో వచ్చిన గౌతమి ఫాంటుతోనూ. ఈలోపు పత్రికలూ పెళ్ళి శుభలేఖలూ ఆగుతాయా? ఆగవు. అందుకే 2001 ముందు సంగతికి నేనెవర్నీ తప్పు పట్టను. ఆ ఫాంట్లు చేసినవాళ్ళు సీసపు అక్షరాల ప్రెస్సులనుంచి తెలుగుని కంప్యూటరు మీదకి తెచ్చారు, ఆ మేలు ఒప్పుకోవాల్సిందే.

నా గొడవ తరవాతి సంగతితో. దారి పడి పాతికేళ్ళయింది. ఇంకా పాత సందులోనే నడుస్తామంటే ఎలా?

మా బాబాయి గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో డీటీపీ షాపు నడిపేవాడు. దాదాపు ఇరవయ్యేళ్ళ కిందట ఒక రిటైరైన మాస్టారు తన సొంత డబ్బుతో ఊరి చరిత్ర రాసి అక్కడ టైపు చేయించుకున్నారు. చెరువు ఎవరు తవ్వించారు, బడి ఎప్పుడు పెట్టారు, తుఫానులో ఏ వీధులు మునిగాయి, ఇలాంటివి. ఇంకెక్కడా దొరకని సంగతులు. మాస్టారు పోయారు. వాళ్ళమ్మాయి మళ్ళీ అచ్చు వేయిద్దామని వస్తే బాబాయి పాత హార్డ్ డిస్క్ వెతికి ఫైళ్ళు పట్టుకున్నాడు. భద్రంగా ఉన్నాయి. కానీ అవి పేజ్‌మేకర్ ఫైళ్ళు. ఆ సాఫ్టువేరు చివరి కూర్పు, 7.0, వచ్చింది 2001లో. ఎలాగో ఒక పాత మిషను మీద తెరిచాం. ఫాంటు కావాలి. ఆ ఫాంటు సాఫ్టువేరుకి వెనక డాంగిల్ గుచ్చితే గానీ పనిచెయ్యదు, ఆ డాంగిల్ ఎప్పుడో చచ్చిపోయింది. నేనో చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసి అక్షరాలు మార్చి చూశాను. మాటలు చాలావరకు వచ్చాయి గానీ వత్తులు ఒకచోటినుంచి ఇంకోచోటికి గెంతుతున్నాయి. ప్రతి లైనూ అచ్చు పుస్తకంతో పోల్చి దిద్దాలి. చివరికి ఆవిడ, "ఎందుకు బాబూ ఈ తిప్పలు, మళ్ళీ టైపు చేయించేద్దాం" అంది.

నాన్న రాసిన పుస్తకం. నాన్న డబ్బుతో టైపు చేయించిన పుస్తకం. ఫైలు చేతిలో ఉంది. అయినా రెండోసారి డబ్బిచ్చి మళ్ళీ టైపు చేయించుకోవాలి. ఆ ఒక్క అచ్చు కాపీ కూడా చెదలు తినేసి ఉంటే ఏం చేసేవాళ్ళం?

ఓపెన్ సోర్స్, ఓపెన్ స్టాండర్డ్స్ అనగానే మనవాళ్ళు చాలామంది "ఫ్రీగా వస్తుంది కదా, అందుకా?" అంటారు. ఇంగ్లీషువాడికి ఫ్రీ అన్న ఒక్క మాటే రెండర్థాలకీ దిక్కు, పాపం. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఆ మాస్టారి కూతురు అడిగింది ఉచితంగా ఇమ్మని కాదు, డబ్బు తెచ్చుకునే వచ్చింది. ఆవిడకి లేనిది తన వస్తువుని తను తెరుచుకునే స్వేచ్ఛ.

ఇంకో వైపు కూడా చూడండి. మీ ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు ఎలా కనబడుతోంది? ఆండ్రాయిడ్‌కి తెలుగు అధికారికంగా వచ్చింది 2012లో, 4.1 కూర్పుతో. అంతకుముందు ఒపేరా మినీలో ఏదో సెట్టింగు మార్చి, అక్షరాలు బొమ్మలుగా తెప్పించుకుని చదివేవాళ్ళం. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో మన గుణింతాలూ వత్తులూ కూర్చిపెట్టేది హర్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. దాని వెనక ప్రధానంగా ఉన్నది బెహ్దాద్ ఎస్ఫహ్‌బొద్ అనే ఇరాన్ మూలాలున్న ఇంజనీరు. హర్ఫ్ అంటే అక్షరం, ఉర్దూ తెలిసిన హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు. పారశీకంలో బాజ్ అంటే తెరిచి ఉన్నది. ఎక్కడి ఇరాన్, ఎక్కడి మన "క్ష్మి"! ఆ కోడ్ తెరిచి ఉంది కాబట్టి తెలుగులో తప్పు కనబడితే ఎవరైనా చూపించొచ్చు, చేతనైతే దిద్దొచ్చు.

దీనికి ఎదురుగా 2018 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. "జ్ఞా" అనే ఒక్క కూర్పు మెసేజీలో వస్తే ఐఫోనులో ఆ యాప్ కుప్పకూలిపోయేది. దేశాలన్నీ నవ్వుకున్నాయి, ఒకళ్ళకొకళ్ళు పంపుకుని ఆడుకున్నారు. ఆపిల్ వాళ్ళు ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 వదిలి బాగుచేశారు. త్వరగానే చేశారు, కాదనను. కానీ అది ఊరూరా ఫోన్లు కూల్చింది కాబట్టి త్వరగా అయింది. ఫోను కూలకుండా మన వత్తు మాత్రమే పక్కకి జరిగి ఉంటే ఎవరికి పట్టేది? మూసి ఉన్న కోడ్‌లో మన భాషకి దెబ్బ తగిలితే మనం చెయ్యగలిగింది అర్జీ పెట్టుకుని ఎదురుచూడటమే.

ఇక ఎప్పుడూ వచ్చే అభ్యంతరాలు. ఒకటి, "మా ఆపరేటర్లకి పాత కీబోర్డే అలవాటు". న్యాయమైన మాట. ఇరవయ్యేళ్ళ వేళ్ళ అలవాటుని మార్చుకోమనడం తేలిక కాదు. కానీ కీబోర్డు వేరు, లోపల దాచే అంకె వేరు. పాత లేఅవుట్‌తోనే కొడుతూ యూనికోడ్ దాచుకోవచ్చు. వేళ్ళు మారక్కర్లేదు, ఫైలు మారితే చాలు. రెండు, "యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవు". ఒకప్పుడు నిజం. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లోకి వెళ్ళి చూడండి. రామరాజ, మండలి, సూరన్న, తిమ్మన, ధూర్జటి, పెద్దన, గిడుగు, గురజాడ... అన్నీ ఓపెన్ లైసెన్సువే, పుస్తకానికైనా వాడుకోవచ్చు. మూడు, "పేజీలు కట్టే సాఫ్టువేరులో తెలుగు సరిగా రాదు". 2012లో ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచీ వస్తోంది. ఉచితంగా కావాలంటే స్క్రైబస్, లిబ్రెఆఫీస్ ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చేది ప్రభుత్వ కాగితాల దగ్గర. ఈ-గవర్నెన్సులో భారతీయ భాషలకి యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009 నవంబరులో ప్రకటించింది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను, రికార్డుల్ని కంప్యూటరీకరించి జనానికి అందేలా పెట్టమంటోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, ఎలక్ట్రానిక్ సమాచారం వాళ్ళకీ అందాలంటోంది. కిచిడీ పీడీఎఫ్‌ని చూపులేని మనిషి కంప్యూటరుతో చదివించుకుంటే ఏం వినబడుతుందో ఒక్కసారి ఊహించండి. తన ఊరి గురించి తన భాషలో ఉన్న ఉత్తర్వు "డాలర్, కామా, డాలర్" అని వినబడుతుంది. వెతికితే దొరకని కాగితం, వినిపించుకుంటే అర్థంకాని కాగితం వెబ్‌సైటులో పెడితే మాత్రం అందినట్టా?

ఈమధ్య ప్రతివాడూ "ఏఐకి తెలుగు సరిగా రాదు, అంతర్జాలంలో తెలుగు తక్కువ" అంటున్నాడు. తక్కువే. కానీ మనం రాయక తక్కువైందా? ఒక తరం పాటు వందల పత్రికలూ వేల పుస్తకాలూ టైపు చేసుకున్న జాతి మనది. అందులో చాలా భాగం కంప్యూటరు లెక్కలో తెలుగు కానే కాదు, చెత్త. గాదె నిండా ధాన్యం పోసి, తలుపుకి ఎవడిదో తాళం వేయించి, ఇంట్లో గింజ లేదని ఏడిస్తే ఎలా?

సరే, ఏం చెయ్యాలి? నాకు తోచినవి ఇవి.

మీకు తెలిసిన రచయితో పబ్లిషరో ఉంటే, అచ్చుకి పీడీఎఫ్ ఇచ్చే రోజునే యూనికోడ్ టెక్స్టు కాపీ కూడా అడిగి తీసుకోమనండి. పనికి డబ్బిచ్చేటప్పుడు అడిగితే ఇస్తారు, పదేళ్ళ తరవాత అడిగితే ఆ షాపే ఉండదు.

పాత ఫైళ్ళుంటే ఇప్పుడే మార్చండి. తెరిచే మిషనూ, ఫాంటూ, కీబోర్డు తెలిసిన మనిషీ ముగ్గురూ ఇంకా బతికున్నారు. ఫైలు లేక అచ్చు పుస్తకమే మిగిలితే టెసరాక్ట్ అనే ఓపెన్ సోర్స్ ఓసీఆర్‌కి తెలుగు వచ్చు. తప్పులు చేస్తుంది, మనిషి దిద్దాలి. కాపీరైటు తీరిన పుస్తకాలకైతే తెలుగు వికీసోర్స్‌లో చోటుంది. శనివారం ఒక గంట, రెండు పేజీలు. మన ఉద్యోగాల్లో చేసే ఎన్నో మీటింగులకంటే పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

ప్రభుత్వ వెబ్‌సైటులో కిచిడీ కనబడితే, ఆ శాఖకి రెండు లైన్లు రాయండి, 2009 ప్రమాణం పేరు చెప్పి. ఒకళ్ళు రాస్తే చెత్తబుట్టలోకి పోవచ్చు, వందమంది రాస్తే పోదు.

ఆఖరిది తెలుగొక్కదానికే కాదు. కొత్త యాప్, కొత్త క్లౌడ్, కొత్త నోట్స్ సాఫ్టువేరు, ఏదైనా సరే, చేరేముందు ఫీచర్లు తరవాత అడగండి. ముందు "నేను పోదామనుకున్న రోజున నా సామాను నాతో పట్టుకుపోనిస్తావా?" అని అడగండి. 2013లో గూగుల్ రీడర్ మూసేసినప్పుడు జనం తిట్టుకున్నా, తమ జాబితాని ఓపీఎంఎల్ ఫైలుగా దించుకుని ఇంకోచోటికి వెళ్ళగలిగారు. ఆ ఫార్మాటు తెరిచి ఉంది కాబట్టి. అద్దె ఇంటికి వెళ్ళేముందు అడ్వాన్సు తిరిగిస్తారా లేదా అని పదిసార్లు అడిగే మనం, జీవితకాలం ఫొటోలూ రాతలూ అప్పగించేటప్పుడు ఒక్కసారైనా అడగకపోతే ఎలా?

మీ ఇంట్లోనో, మీ ఊరి డీటీపీ షాపులోనో ఇలాంటి ఫైళ్ళు పడున్నాయా? ఏ ఫాంటో చెప్పండి. పైథాన్ ప్రోగ్రాం ఎలాగూ ఉంది, గెంతే వత్తుల్ని కలిసి పట్టుకుందాం.