జమ్ము వేరు, గుర్రపుడెక్క వేరు

పసుపు కొమ్మును పాతి పసుపును పండించు ఓరుగల్లు రైతునకు, విత్తనము లేకయే వంశము సాగుననుట వింత కాదు. పసుపు సాధారణముగా గింజ కట్టదు. మూడేసి వరుసల క్రోమోజోములు గల ఆ మొక్క ఒక విధముగా గొడ్డుమొక్క. మన తాతముత్తాతలు తల్లిదుంపను విరిచి పాతుచు వచ్చుటచేతనే అది నేటికి నిలిచినది; అందుచే నేడు మడిలో నున్నది నాటి మొక్కకు సంతానమనుటకంటె దాని అవయవమే యనుట యుక్తము. గరిక, తుంగ, అరటిపిలక ఈ తెగకు చెందినవే. చేనిలో నింత చక్కగా నెఱిగిన ఈ సంగతిని చెఱువుకట్ట నెక్కగానే మనము మఱచిపోవుచున్నాము. నా ఫిర్యాదంతయు నిదియే.

ఒడ్డున నిలిచి చూచువానికి జమ్ము వేలకొలది నిలువుకత్తులవలె కనబడును. కాని బురద క్రిందికి చూపు సాగినచో, ఆ వేలకొలది కాడలు చాల తావుల ఒక్క కొమ్మునుండి మొలచినవేయనియు, వేయిమంది సైన్యముగా తోచినది నిజమునకు ఒక్క జీవియేయనియు తెలియును. దీనిని వృక్షశాస్త్రజ్ఞులు క్లోను అందురు. ఆ కొమ్ము పిండిపదార్థమును నిలువచేసికొనును. పచ్చని ఆకులనుండియే గాక ఎండి నిలిచిన మోడులనుండి సైతము, గొట్టములవంటి గాలిగదులగుండ ప్రాణవాయువును బురదలోనికి దింపుకొనును. ఒక కొన కృశించినచో మఱియొక కొన దానిని పోషించును.

వంశమును విస్తరింపజేసికొనుటలో ఇట్టి మొక్కలకు రెండు యుద్ధనీతులు గలవు. ఒకటి, సైనికులు భుజము భుజము రాచుకొని ముందునకు జరుగు వ్యూహము. రెండవది, తీగను దూరముగా పాఱించి చోటు దొరకిన తావున తలయెత్తు గెరిల్లా పద్ధతి. జమ్ము మొదటిదానికి చేరువ. ఒడ్డు నంటిపెట్టుకొని కోటగోడవలె మెల్లగా సాగును. గుర్రపుడెక్క రెండవదానికి చేరువ. తల్లికి పిలకకు నడుమ తీగ తెగినచో పిలక చావదు సరిగదా, గాలి త్రోసినంత దూరము పడవవలె పోయి వేఱుకాపురము పెట్టును. అనుకూలమైన నీటిలో రెండు వారములకే దాని సంఖ్య రెట్టింపు కాగలదు.

దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము దాని పుట్టినిల్లు. ఊదాపువ్వును చూచి మురిసి మనుష్యులే దానిని దేశదేశములకు మోసికొనిపోయిరి. 19వ శతాబ్ది చివర వంగదేశమును చేరి, అచటి వరిపొలములను, పడవదారులను ఎంతగా కప్పివేసెననగా, 1936లో దానికొఱకే ప్రత్యేకముగా ఒక శాసనము చేయవలసివచ్చెను. మఱుసటి యేటి ఎన్నికలలో ప్రధాన పక్షములు దానిని నిర్మూలింతుమని వాగ్దానము చేసినవి. ఆ వాగ్దానము లేమైనవో మొక్కయే నేటికిని చెప్పుచున్నది. ఇన్ని దేశముల నాక్రమించిన ఈ మొక్కలలో అత్యధికభాగము ఒకే జన్యువంశమునకు చెందినవని 2010లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చినది.

ఇంటి మొక్క యేది, పరాయి మొక్క యేది యను భేదము మాత్రము అన్నివేళల కంటికి చిక్కునది గాదు. కొల్లేటి కిక్కిసకు దగ్గఱి చుట్టమైన ఒక గడ్డి ఉత్తర అమెరికాలో వేలయేండ్లుగా అణకువతో బ్రతుకుచుండెను. 20వ శతాబ్దిలో అది చిత్తడినేలలను మ్రింగజొచ్చినప్పుడు, ఇంటిమొక్కకే మతి చలించినదేమో యని అచటివారు తికమకపడిరి. 2002లో క్రిస్టిన్ సాల్టన్‌స్టాల్ అను శాస్త్రజ్ఞురాలు, ఎండబెట్టి దాచిన పాత నమూనాల జన్యువులను క్రొత్తవానితో పోల్చి చూడగా, ఇంటిమొక్క మాటున అదే జాతికి చెందిన పరదేశపు వంశ మొకటి చొచ్చినదని బయటపడెను. చిత్రమేమనగా, ఐరోపాలోని పలు సరస్సులయందు ఆ గడ్డియే క్షీణించుచున్నదని అచటివారికి చింత.

కావున ఒడ్డున నిలిచి పచ్చదనమును చూచినంతమాత్రమున తీర్పు చెప్పుటకు వీలులేదు; నీటిని, బురదను చూడవలెను. పాకాల చెఱువునకు అడవినీరు చేరును. నగరపు చెఱువులకు మన వంటిండ్ల, స్నానపుగదుల మురికి చేరును. ఆ నీటిలోని నత్రజని, భాస్వరములను త్రాగిన జమ్ము సైతము హద్దుమీఱి చెఱువంతయు తనదే యనును. ఐనను జమ్మును, గుర్రపుడెక్కను రెంటిని ఒకే దినమున ఒకే యంత్రముతో పెఱికివేయుట అవివేకము. కొరమీను, తెలంగాణ రాష్ట్రపు చేప యిదియే, ఒడ్డువార గడ్డినడుమ గూడు చేసికొని పిల్లలను కాచుకొనును. జమ్ముచాటున నీటికోళ్లు గ్రుడ్లు పెట్టును. గుర్రపుడెక్క పఱచిన కంబళిక్రింద మాత్రము వెలుగు చొరదు, నీటిలోని ప్రాణవాయువు సన్నగిల్లును.

గుర్రపుడెక్కను ముక్కలుచేయుట దానికి పురుడుపోయుటయే. మిగులకుండ ఒడ్డునకు లాగి నీటికి దూరముగా ఎండబెట్టవలెను. మురికికాలువ ఆగనిదే ఆ పనియు ఏటేట కాంట్రాక్టరునకు పండుగయే. జమ్మునకు యంత్రమే అక్కఱలేదు. నీరు తగ్గిన వైశాఖ జ్యేష్ఠములలో, అంతయు గాక కొంతమేర, కొడవలితో మొదలంట కోసినచో, వానలకు చెఱువు నిండి మోడులు మునిగినప్పుడు గాలిదారులు మూతపడి, కొమ్ము బురదలోనే ఊపిరాడక క్రుళ్లును. కోసిన ఆకు ఒకనాడు గుడిసె కప్పునకు పనికివచ్చినదే.

2024 నవంబరులో పూడికతీతకై ఓరుగల్లులోని భద్రకాళి చెఱువు నీటిని వదలివేసినప్పుడు, కలుపుపీడ యికనైన వదలునని ఆశపడుట సహజమే. కాని గుర్రపుడెక్క గింజ బురదలో 15, 20 ఏండ్లు బ్రతికియుండగలదు. నీరు తీసిన తడిబురదయే అది మొలకెత్తుటకు మిక్కిలి అనువైన చోటు. తొలివానల తరువాత కట్టవెంబడి ఉదయమున నడచువారు ఒడ్డుతడిని కొంచెము వంగి చూడవలెను. వేలిగోరంత ఆకులు నాలుగైదు కనబడినచో, అప్పటికి వానిని తీయుటకు ఒక చేయి చాలును.