సబ్‌వూఫర్‌కి చోటు చూపించాల్సింది చెవులే

మా వెనక గది 10 అడుగులకి 12 అడుగులు. అమ్మాయి పెళ్లయి వెళ్లాక అది మా వారి పాటల గది అయింది. పోయిన సంక్రాంతికి రెండు స్పీకర్లకి తోడు ఒక సబ్‌వూఫర్ కూడా వచ్చింది. చూడ్డానికి బియ్యం డబ్బాలా ఉంటుంది. ఎక్కడ పెడదామంటే ఆయన వెంటనే మూల చూపించారు. మన ఇళ్లల్లో అడ్డమనిపించే ప్రతి వస్తువుకీ చోటు మూలే కదా!

మూలలో పెడితే మోత పెరిగిన మాట నిజమే. రెండు గోడలూ నేలా కలిసి ఆ శబ్దాన్ని గదిలోకి తోస్తాయి. ఆయన మురిసిపోయారు. కానీ ఆ గోడ అవతలే మా అత్తగారి మంచం. రెండో రోజు పొద్దున్న ఆవిడ, "రాత్రి గుండె దడదడలాడిందే అమ్మాయ్, ఎందుకులే అని ఎవర్నీ లేపలేదు" అన్నారు. అది గుండె కాదు, మా సబ్‌వూఫర్. నాకు ప్రాణం చివుక్కుమంది.

మా అబ్బాయి ఫోన్లో ఒక ఉపాయం చెప్పాడు. సబ్‌వూఫర్‌ని మనం కూర్చునే కుర్చీ దగ్గర పెట్టి, ఒకే పాట మళ్లీ మళ్లీ వేస్తూ, గోడల వెంట పాకుతూ వినాలి. ఎక్కడ సమంగా వినిపిస్తే అదే దాని చోటు. మా వారికి మోకాళ్ల నొప్పులు, కాబట్టి పాకింది నేనే. ఇన్నేళ్లుగా ఆ గదికి తడిగుడ్డ పెడుతున్నదాన్ని, నాకేం కొత్త!

ఒక మూల గుయ్యిమంటోంది. రెండడుగులు జరిగితే సగమైంది. ఇంకోచోట దాదాపు మాయం. లోతైన శబ్దపు అల చాలా పొడవు, 40 హెర్ట్జ్ దగ్గర సుమారు 28 అడుగులు. చిన్న గదిలో అది గోడలకి కొట్టుకుని ఒకచోట కుప్పపడుతుంది, ఒకచోట ఖాళీ వదులుతుంది. ఎంత ఖరీదైన డబ్బా కొన్నా ఈ తంతు తప్పదు.

చివరికి అత్తగారి గోడకి ఎదురు గోడ వెంట, మూలకి మూడడుగుల ఇవతల బాగా కుదిరింది. మృదంగం మీద ఎడమచేతి దెబ్బలు విడివిడిగా తెలిశాయి. "పక్కన పెడితే శబ్దం పక్కనుంచి రాదూ?" అన్నారాయన. సుమారు 80 హెర్ట్జ్ కంటే కిందనైతే అది ఎటునుంచి వస్తోందో చెవి అంతగా పసిగట్టలేదు. విన్నాక ఆయనే ఒప్పుకున్నారు.

అయినా గోడ అవతల మోత కొంత మిగిలింది. కింద రబ్బరు చాప వేస్తే నేల అదురు తగ్గుతుందేమో గానీ, గాల్లో వెళ్లే మోత ఆగదు. అందుకే రెండో పరీక్ష నేను పెట్టాను. పాట నడుస్తుండగా ఆయన్ని తీసుకెళ్లి వాళ్లమ్మ మంచం మీద పడుకోబెట్టాను. రెండు నిమిషాలు. లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తనే మోత తగ్గించారు. రాత్రి తొమ్మిది దాటితే దాన్ని ఆపేయడం కూడా ఆయన పెట్టుకున్న నియమమే.

నేననేది ఇంతే. సబ్‌వూఫర్ చోటు గదిలో ఖాళీ చూసి నిర్ణయించేది కాదు. కుర్చీలో కూర్చుని ఒకసారి, గోడ అవతల పడుకుని ఒకసారి విని నిర్ణయించాలి. మీ ఇంట్లోనూ అది మూలకి చేరి ఉంటే, "నాకేం తెలుస్తుందిలే" అని వంటింట్లోకి వెళ్లిపోకండి. ఆ మోత ఇల్లంతా వినేది మనమే.